హెపటైటిస్‌-బి ఏళ్ల తరబడి ఉన్నవారు పసరు, పథ్యం, మందుబిళ్లల విషయంలో ఎలా నడుచుకోవాలి

రక్తదాన శిబిరానికి వెళ్లినప్పుడో, శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు చేయించుకున్నప్పుడో, గర్భిణిగా మొదటిసారి ఆసుపత్రిలో పేరు రాయించుకున్నప్పుడో హెచ్‌బీఎస్‌ఏజీ (రక్తంలో హెపటైటిస్‌-బి వైరస్ ఉందని చూపే పరీక్ష) పాజిటివ్ అని రాసిన కాగితం చేతికి వస్తుంది. ఒంట్లో ఏ బాధా ఉండదు, కళ్లు తెల్లగానే ఉంటాయి, ఆకలి మామూలుగానే వేస్తుంది. సాయంత్రానికల్లా బంధువుల్లో ఒకరు ఫోన్ చేసి, ఫలానా ఊళ్లో మూడు ఆదివారాలు పసరు పోస్తారనీ, ఇంగ్లిషు మందుల జోలికి పోవద్దనీ చెబుతారు. చెప్పేది ప్రేమతోనే, అందులో సందేహం లేదు. అయితే ఆ సలహా ఏ జబ్బుకు పనికివచ్చినట్టు కనిపించిందో, మీకున్న జబ్బు ఏమిటో విడదీసి చూసుకోకపోతే నష్టపోయేది మీ కాలేయమే. ఏ పని పసరుకు అప్పగించవచ్చు, ఏ పని అప్పగించకూడదు, తిండిలో ఏం మార్చుకోవాలి అన్నది వరుసగా చెబుతాను.

మొదటి పని: మీకున్నది ఏ వైరసో తేల్చుకోవడం

మన ఊళ్లలో కామెర్లన్నీ ఒకటే జబ్బుగా చలామణి అవుతాయి. కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్‌-ఎ, హెపటైటిస్‌-ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. కళ్లు పచ్చబడిన మొదటి వారంలో పసరు తాగి, నాలుగో వారానికి కోలుకున్న మనిషి ఆ గొప్పతనాన్ని పసరుకే కట్టబెడతాడు. పసరు వైద్యానికి మన ప్రాంతంలో ఇంత పేరు రావడానికి అసలు కారణం ఇదే. హెపటైటిస్‌-బి, హెపటైటిస్‌-సి రక్తం ద్వారా, శరీర ద్రవాల ద్వారా వచ్చేవి. ఆరు నెలలు దాటినా రక్తంలో నిలిచి ఉంటే వాటిని దీర్ఘకాలిక వ్యాధిగా లెక్కిస్తారు.

హెపటైటిస్‌-సి అని తేలితే మూలికల గురించి ఆలోచిస్తూ ఒక్క నెల కూడా వృథా చేయవద్దు. సోఫోస్బువిర్‌తో పాటు డాక్లాటాస్విర్ లేదా వెల్పటాస్విర్ కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018 జులై 28న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితంగా అందుతాయి. జిల్లా ఆసుపత్రిలోనో, దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలోనో ఈ కార్యక్రమం పేరు చెప్పి అడగండి.

హెపటైటిస్‌-బి సంగతి వేరు. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది నూటికి ఐదుగురి కంటే తక్కువ మందిలోనే. ఈ వైరస్ కాలేయ కణాల కేంద్రకంలోకి వెళ్లి, తన జన్యు పదార్థాన్ని గుండ్రటి పోగులా చుట్టి దాచుకుంటుంది. నేటి మందుబిళ్లలు వైరస్ కొత్తగా పుట్టకుండా అడ్డుకుంటాయి కానీ దాగిన ఆ పోగును చెరపలేవు. ఏ కషాయమూ దాన్ని చెరపగలదని ఇప్పటివరకూ రుజువు కాలేదు. అందువల్ల ఈ జబ్బుతో మన పని ఏళ్ల తరబడి సాగే కాపలా. ఇకమీదట రాసేదంతా ముఖ్యంగా దీని గురించే.

రెండో పని: కాలేయం ఏ స్థితిలో ఉందో కొలుచుకోవడం

ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఒక్కటే చూసి ధైర్యపడడం, భయపడడం రెండూ పొరపాటే. ఒక పాత నోటుపుస్తకం తీసుకుని ఎడమ పేజీలో తేదీ, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్లేట్‌లెట్లు, హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందో లేదో సూచించే పరీక్ష), హెచ్‌బీవీ డీఎన్‌ఏ అంటే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె), స్కాన్ ఫలితం వరుసగా రాసుకోండి. కుడి పేజీని ఖాళీగా వదలండి, దాని అవసరం తరువాత వస్తుంది.

కాలేయం గట్టిపడుతోందో లేదో ఉజ్జాయింపుగా తెలుసుకునే లెక్క ఒకటుంది. దాన్ని ఏప్రి అంటారు. మీ ఎస్‌జీఓటీని ఆ ల్యాబ్ ఇచ్చిన గరిష్ఠ సాధారణ విలువతో భాగించి, 100తో గుణించి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతో (వేలల్లో) భాగించాలి. ఎస్‌జీఓటీ 80, గరిష్ఠ విలువ 40, ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు అనుకుందాం. 80ని 40తో భాగిస్తే 2, నూరుతో గుణిస్తే 200, దాన్ని 150తో భాగిస్తే సుమారు 1.33. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 0.5 దాటితే చెప్పుకోదగ్గ గట్టిపాటు, 1 దాటితే సిరోసిస్, అంటే కాలేయం బాగా గట్టిపడి గంట్లు కట్టిన స్థితి, ఉండవచ్చు. ఇది అంతిమ తీర్పు కాదు, అందుబాటులో ఉంటే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించుకోవాలి. అయినా ఈ చిన్న లెక్క తెలిసిన మనిషి, ఒంట్లో బాగానే ఉంది కదా అని రెండేళ్లు డాక్టరు ముఖం చూడకుండా ఉండడు.

మూడో పని: మందుబిళ్ల మొదలుపెడితే మధ్యలో ఆపకపోవడం

పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ వెంటనే మందు అవసరం ఉండదు. వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 2,000 యూనిట్లు (ఐయూ) దాటి ఎస్‌జీపీటీ కూడా పెరిగినవారికి, వైరల్ లోడ్ ఎంతైనా సిరోసిస్ ఉన్నవారికి మందు అవసరమవుతుంది. ఇంట్లో ఎవరికైనా కాలేయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, నిర్ణయం మారవచ్చు. సాధారణంగా ఇచ్చేవి టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లేదా దాని కొత్త రూపం 25 మిల్లీగ్రాములు, లేదా ఎంటెకావిర్ 0.5 మిల్లీగ్రాములు. రోజుకు ఒకే బిళ్ల. ఎంటెకావిర్‌ను ఖాళీ కడుపుతో, అంటే భోజనమైన రెండు గంటల తరువాత, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు వేసుకోవాలి. పాత రకం టెనోఫోవిర్ వాడేవారు మూత్రపిండాల పనితీరును అప్పుడప్పుడు చూపించుకోవాలి.

మా మేనమామ టెనోఫోవిర్ వాడుతూ బాగానే ఉండేవాడు. రిపోర్టులో వైరస్ కనబడలేదని రాగానే, ఇక ఒళ్లు శుద్ధి చేయాలంటే ఇంగ్లిషు మందు ఆపాలని ఒక నాటు వైద్యుడు చెప్పిన మాట నమ్మి, బిళ్లలు మానేసి పసరు మొదలుపెట్టాడు. మూడో నెలలో ఒక ఉదయం అత్తయ్య ఆయన విప్పిన తెల్ల బనియను ఉతుకుతుంటే చంకల దగ్గర పసుపు మరక కనిపించింది. అప్పటికే కళ్లు పచ్చబడ్డాయి, ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. అణిగి ఉన్న వైరస్ మందు ఆపగానే ఒక్కసారిగా పైకి లేవడం ఈ జబ్బులో బాగా తెలిసిన ప్రమాదం, సిరోసిస్ ఉన్నవారిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వైరస్ కనబడకపోవడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. ఆపవచ్చా లేదా అన్నది కాలేయ నిపుణుడు మాత్రమే చెప్పాలి.

నాలుగో పని: మూలికలను ఒక్కొక్కటిగా తూచి చూడడం

మూలికలన్నీ మోసమని నేను అనను, అలా అనడం న్యాయం కూడా కాదు. వాటిలో పరిశోధకులు ఎక్కువ ఆశతో పరీక్షించినది మన చేలగట్ల మీద వానాకాలంలో మొలిచే నేల ఉసిరి. సన్నటి కొమ్మ కింది వైపు తిప్పి చూస్తే ఆవగింజల్లాంటి కాయలు వరుసగా ఉంటాయి, అదే దాని ఆనవాలు. మొక్కను వేళ్లతో సహా పీకి, కడిగి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వడం పల్లెల్లో పాత అలవాటు. హెపటైటిస్‌-బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ ఈ మొక్క మీద ఆసక్తి చూపారు. చెన్నైలో త్యాగరాజన్ అనే పరిశోధకుడి బృందం ఆయనతో కలిసి చేసిన అధ్యయనం 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నెల రోజులు నేల ఉసిరి చూర్ణం తీసుకున్న 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ కనబడకుండా పోయిందనీ, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగిందనీ అందులో రాశారు. అంత మంచి వార్త నిజం కావాలని ఎవరికి ఉండదు? కానీ థాయ్‌లాండ్‌లోనూ మరికొన్ని చోట్లా మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అధ్యయనాలన్నిటినీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్ష, ఉత్తుత్తి మందు కంటే ఇది మేలని నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

మరి పసరుతో నెగటివ్ వచ్చిందని చెప్పేవారి మాటేమిటి? దీర్ఘకాలిక హెపటైటిస్‌-బి ఉన్న ప్రతి నూరుమందిలో సుమారు ఒకరికి ఏటా ఏ మందూ లేకుండానే హెచ్‌బీఎస్‌ఏజీ పోతుంది. వేలమందికి పసరు పోసే చోట అలాంటివారు కొందరు తప్పక ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు, అయితే మిగిలిన తొంభై తొమ్మిది మంది ఆ ఊరికి తిరిగి వెళ్లి తమ సంగతి చెప్పరు.

పాశ్చాత్య దేశాల్లో పేరున్న సిలిమారిన్ (మిల్క్ తిసిల్ అనే మొక్క గింజల సారం) ఇక్కడ కూడా మాత్రల రూపంలో బాగా అమ్ముడవుతోంది. హెపటైటిస్‌-సి ఉన్న 154 మందికి ఎక్కువ మోతాదులో 24 వారాలు ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం 2012లో వచ్చింది. ఉత్తుత్తి మందుతో పోలిస్తే ఎస్‌జీపీటీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దానివల్ల పెద్ద హాని కూడా కనబడలేదు కనుక, డాక్టరుకు తెలిసి వాడేవారిని నేను తప్పు పట్టను, కానీ ఆ డబ్బు వైరల్ లోడ్ పరీక్షకు దాచుకోమని చెబుతాను.

ఇక జాగ్రత్త పడవలసినవి. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఇంటింటా తాగిన తిప్పతీగ కషాయం తరువాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు, ఆ తరువాత దేశంలో ఇతర చోట్ల నుంచి కూడా అలాంటివి వచ్చాయి. బొల్లికి వాడే బావంచాలు, నిద్రకూ బలానికీ వాడే అశ్వగంధ, బరువు తగ్గడానికి అమ్మే గ్రీన్ టీ సారం మాత్రలు కాలేయాన్ని గాయపరచిన సందర్భాలు నమోదయ్యాయి. గాడిదగడపాకులో మూత్రపిండాలను పాడుచేసే ఆమ్లం ఉంది, టెనోఫోవిర్ వాడేవారు దాని దరిదాపులకు పోకూడదు. అతిమధురం ఎక్కువ రోజులు తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి పొటాషియం తగ్గుతుంది కనుక, కాళ్ల వాపు ఉన్నవారికి అది విషంతో సమానం. పసుపు విషయంలో అనవసరంగా భయపడవద్దు. పప్పులో, కూరలో వేసే చిటికెడు పసుపుతో ఏ ఇబ్బందీ లేదు, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపి చేసిన పసుపు క్యాప్సూళ్లతోనే కాలేయ గాయాలు కనిపించాయి. భస్మాలలో సీసం, పాదరసం ఉండవచ్చు. పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపితే రోగికి ఆకలి పుట్టి, హుషారు వచ్చి, మందు పనిచేస్తోందనిపిస్తుంది, లోపల మాత్రం హెపటైటిస్‌-బి వైరస్ రెచ్చిపోతుంది.

ఇంత చెప్పినా ఇంట్లో పెద్దవారి మాట కాదనలేక ఏదో ఒకటి తీసుకోక తప్పని పరిస్థితి రావచ్చు. అప్పుడు నోటుపుస్తకంలో ఖాళీగా వదిలిన కుడి పేజీ తెరవండి. మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించి అంకెలు రాసుకోండి. ఒకేసారి ఒకే మూలిక తీసుకోండి, మొక్క పేరు తెలియనిదాన్ని నోట్లో వేసుకోవద్దు. మొదలుపెట్టిన తేదీ, మోతాదు, ఇచ్చినవారి పేరు రాసి, సీసా చీటీనో పొట్లం ముక్కనో ఆ పేజీకే అతికించండి. నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. ఎస్‌జీపీటీ పెరిగినా, ఒళ్లంతా దురద పెట్టినా, మూత్రం టీ డికాషన్ రంగుకు మారినా అదే రోజు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎస్‌జీపీటీ తగ్గితే వైరస్ తగ్గిందని మాత్రం అనుకోవద్దు, ఆ మాట వైరల్ లోడ్ పరీక్షే చెప్పాలి. సిరోసిస్ ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు ఈ ప్రయోగానికే దిగకూడదు. కంట్లో పసరు పోయించుకోవడం, చేతి మీద వాత పెట్టించుకోవడం ఎవరికీ పనికిరావు.

అయిదో పని: పథ్యాన్ని సరిదిద్దుకోవడం

కామెర్ల పథ్యమంటే ఉప్పు, కారం, నూనె, పప్పు అన్నీ మాని నెలల తరబడి చప్పిడి మజ్జిగన్నంతో గడపడమని మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. దీర్ఘకాలిక హెపటైటిస్ ఉన్న మనిషికి ఇది మేలు చేయదు సరికదా కండ కరిగిస్తుంది, కండ కరిగిన రోగి కాలేయ జబ్బును తట్టుకోలేడు. సిరోసిస్ ఉన్నవారికైతే కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11, గ్లాసు పాలలో 6 ఉంటాయి. వీటికి శనగలు, పెరుగు, చేపలు, చికెన్ కలిపితేనే ఆ లెక్క నిండుతుంది, గంజితో నిండదు. సిరోసిస్ ఉన్న కాలేయం రాత్రికి సరిపడా శక్తిని నిల్వ చేసుకోలేదు కనుక పడుకోబోయే ముందు గ్లాసు రాగిజావ పాలు కలిపి తాగడం, లేదా పాలతో రెండు బ్రెడ్డు ముక్కలు తినడం చాలా మంచి అలవాటు. ఉప్పు విషయంలో గట్టి కట్టడి కావలసింది పొట్టలో నీరు చేరినవారికి, కాళ్లు వాచినవారికి. వారు ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు పక్కన పెట్టాలి.

మద్యం పూర్తిగా మానాలి. కల్లు చెట్టు మీద నుంచి దిగిందని, బీరులో తక్కువ ఉంటుందని మినహాయింపులు లేవు. వైరస్ ఒకవైపు, మద్యం ఒకవైపు దెబ్బ కొడితే సిరోసిస్ ఏళ్ల ముందే వస్తుంది.

వేరుశనగ తినే మన రాయలసీమ ఇళ్లకు, నిజానికి చట్నీ లేని ఉదయం లేని తెలుగు ఇళ్లన్నిటికీ, ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. తడి తగిలి బూజు పట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో, ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. హెపటైటిస్‌-బి ఉన్నవారి ఒంట్లోకి ఇది చేరితే వైరస్, విషం రెండూ కలిసి కాలేయ క్యాన్సర్ ముప్పును ఎన్నో రెట్లు పెంచుతాయి. వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. పల్లీలు కొనగానే చేటలో పోసి, ముడతలు పడ్డవి, రంగు మారినవి, పప్పు బద్దల మధ్య ఆకుపచ్చ పొడి కనిపించినవి ఏరి పారేయండి. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి. కొద్దికొద్దిగా కొని, పొడి డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

కాఫీ ఇష్టమైనవారికి మంచి మాటే ఉంది. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయం గట్టిపడడం, క్యాన్సర్ రావడం తక్కువగా ఉన్నట్టు అనేక దేశాల పరిశీలనలు చూపాయి. చక్కెర తగ్గించి తాగండి. పొట్ట చుట్టూ కొవ్వు, మధుమేహం ఉన్నవారు బరువులో నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గించుకుంటే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయి. రోజూ అరగంట చురుగ్గా నడవడం, రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచడం దానికి తోడ్పడతాయి. ఉపవాసాలతో త్వరత్వరగా తగ్గకూడదు.

జ్వరానికి, ఒళ్లు నొప్పులకు పారాసెటమాల్ వాడవచ్చు, కానీ సిరోసిస్ ఉన్నవారు రోజుకు 2 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా అది ఉంటుందని గుర్తుంచుకోండి. సిరోసిస్ ఉంటే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వద్దు. కీళ్ల జబ్బుకో, క్యాన్సర్‌కో వేరే డాక్టరు మందు రాసేటప్పుడు మీకు హెపటైటిస్‌-బి ఉందని ముందే చెప్పండి, కొన్ని మందులు దాన్ని మళ్లీ లేపుతాయి.

ఆరో పని: ఇంట్లోవారికి పరీక్ష, టీకా

ఒకే కంచంలో తిన్నా, పిల్లలను ముద్దాడినా, ఒకే బాత్రూం వాడినా ఈ వైరస్ సోకదు. రోగికి వేరే గ్లాసు, వేరే కంచం పెట్టి మనసు విరవవద్దు. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వారికే ఉండాలి, మంగలి దుకాణంలో కొత్త బ్లేడు వేయమని అడగాలి, ఎందుకంటే ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. భార్యాభర్తలు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ పరీక్ష చేయించుకుని, నెగటివ్ వచ్చినవారు మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదుల టీకా వేయించుకోవాలి. ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి ఖరీదుగా వచ్చేది. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసి సామాన్యుడికి అందేలా చేసింది. మన ఇంటి వాకిట్లోకి వచ్చిన రక్షణను వాడుకోకపోవడం బాధాకరం.

గర్భిణికి పాజిటివ్ వస్తే ఏడో నెల లోపే వైరల్ లోడ్ చూపించాలి. అది రెండు లక్షలు దాటితే టెనోఫోవిర్ ఇస్తారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా, వీలైతే 12 గంటల్లోపే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీలు) సూది పడాలి. కాన్పు ఎక్కడ జరుగుతుందో ఆ ఆసుపత్రిలో ఆ సూది ఉందో లేదో ముందే కనుక్కోండి. తల్లి పాలు నిశ్చింతగా ఇవ్వవచ్చు.

ఏడో పని: ఆరు నెలలకోసారి కాపలా

సిరోసిస్ ఉన్నవారు, ఇంట్లో కాలేయ క్యాన్సర్ చరిత్ర ఉన్నవారు, నలభై దాటిన మగవారు, యాభై దాటిన ఆడవారు ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్ జాడను సూచించే) రక్తపరీక్ష చేయించుకోవాలి. చిన్నగా ఉన్నప్పుడు దొరికిన గడ్డను తీసివేయవచ్చు. తేదీ మరిచిపోకుండా సంక్రాంతికి ఒకసారి, బోనాల నెలలో ఒకసారి అని పెట్టుకున్నవారు నాకు తెలుసు, మీకు అనువైన గుర్తు మీరు పెట్టుకోండి. వెళ్లేటప్పుడు నోటుపుస్తకం వెంట తీసుకుపోయి, ఎడమ పేజీతో పాటు కుడి పేజీ కూడా డాక్టరుకు చూపించండి. పసరు తాగామంటే తిడతారని దాచవద్దు. ఆ ఒక్క వివరం తెలియక అనవసరమైన పరీక్షలు జరుగుతాయి, అసలు కారణం దొరకదు.

ఈలోగా కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, రక్తపు వాంతి అయినా, తారులా నల్లటి విరేచనం అయినా, మనిషి పగలు నిద్రపోతూ రాత్రి మెలకువగా ఉండి మాట తడబడుతున్నా తారీఖు కోసం ఎదురుచూడకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి.